టేస్టరమ్మ ముక్కు కేసు

టీ పొడి కంపెనీలో ఆవిడని అందరూ టేస్టరమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు ఆవిడకి, జీతాల గుమాస్తాకి తప్ప మూడో మనిషికి గుర్తుండేది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా పొద్దున్న తొమ్మిదింటికల్లా రెండో అంతస్తులోని పొడవాటి గదిలోకి వెళ్ళి ఏప్రన్ కట్టుకునేది. బల్ల మీద వరసగా తెల్ల కప్పులు, ఒక్కో కప్పు వెనక మూత ఉన్న చిన్న పింగాణీ కూజా, దాని వెనక నమూనా పొడి డబ్బా. అయిదు నిమిషాలకి గంట మోగగానే కూజాల్లోని డికాక్షన్ కప్పుల్లోకి వంచేవారు. ఆవిడ చెంచాతో తీసుకుని జుర్రున పీల్చి, నోట్లో ఒక్క తిప్పు తిప్పి, తొట్టిలోకి ఉమ్మేసి, తర్వాతి కప్పు దగ్గరికి నడిచేది. రోజుకి మూడొందల కప్పులు. "ఇంట్లోనైనా మనిషిలా తాగవే తల్లీ" అని వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ మొత్తుకునేది.

నాలుకది సగం పనే. మిగతా సగం ముక్కుది. డికాక్షన్ వంచాక మూత మీద పరిచిన తడి ఆకుని ఒక్కసారి వాసన చూసి, "ఈ సరుకు లారీలో సబ్బుల పెట్టెల పక్కన వచ్చిందా?" అని అడిగేది. మేనేజరు ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి, తిరిగొచ్చి, "అవునటండీ" అని నోరెళ్ళబెట్టేవాడు. మాట కూడా ముక్కుసూటే. బాగాలేని పొడిని బాగుందని అనిపించడం యజమాని తరం కూడా కాలేదు.

పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు, అలా జరిగిపోయింది. అమ్మ పోయాక మూడో అంతస్తులోని రెండు గదుల ఇంట్లో ఒక్కతే మిగిలింది. బస్సులో అరగంట దూరంలో చెల్లెలు, మరిది, వాళ్ళ పిల్లలు ఉండేవారు. ఆదివారం మధ్యాహ్నం భోజనం అక్కడే. ఆవిడకి లోకంలో చుట్టరికమంటే ఆ ఒక్క పూట.

యాభై రెండో ఏట ఎడమ ముక్కు మూసుకుపోవడం మొదలైంది. కుడివైపు బాగానే ఉన్నా, టేస్టరమ్మకి భయం పట్టుకుంది. ఆదివారం భోజనాల దగ్గర ఆ మాటెత్తితే మరిది వెంటనే అందుకున్నాడు.

"దానికేముంది వదినగారూ, మావాడున్నాడుగా. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ముక్కు ఆపరేషన్లలో వాడి చెయ్యి బంగారం."

ఆ డాక్టరు నిజంగానే మంచివాడు. చెల్లెలి పిల్లలకి చెవి నొప్పి వస్తే ఫోన్లోనే మందు చెప్పే మనిషి. టేస్టరమ్మ ముక్కులోకి లైటు వేసి చూసి, "చిన్న కండ పెరిగిందమ్మా. అరగంట పని. తీసేస్తే హాయిగా ఊపిరాడుతుంది" అన్నాడు. ఆవిడ ఏదో అడగబోయేలోపే నర్సు తర్వాతి పేషెంటుని పిలిచేసింది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే గడియారం, గాజులు, కళ్ళజోడు తీసి కవర్లో పెట్టించారు. ఆకుపచ్చ గౌను తొడిగి, మంచం మీద పడుకోబెట్టి, అట్ట మీద కాగితాలు తెచ్చి, "ఇక్కడా, ఇక్కడా" అని వేలు పెట్టి చూపించారు. ఆవిడ చూపించినచోటల్లా సంతకాలు పెట్టింది.

అరగంట పని అరగంటలోనే అయింది. ముక్కులో దూది తీసేశాక ఊపిరి రెండు వైపులా ఈల వేసినట్టు ఆడింది. వాసన మాత్రం రాలేదు.

"వాపు తగ్గాలమ్మా, ఆరు వారాలు" అన్నాడు డాక్టరు. ఆరు వారాలయ్యాక మూడు నెలలన్నాడు. మూడు నెలలయ్యాక ఒక స్ప్రే రాశాడు. టేస్టరమ్మ కంపెనీకి వెళ్ళి కప్పుల ముందు నిలబడేది. చేదు తెలిసేది, నాలుక మీద పట్టే వగరు తెలిసేది. ఆ వెనకాల ఉండాల్సింది ఉండేది కాదు. మూడొందల కప్పుల్లోనూ ఒకటే వేణ్ణీళ్ళు. కొన్నాళ్ళు రంగు చూసి, పాత అలవాటు మీద నెట్టుకొచ్చింది. ఒకరోజు బూజు పట్టిన గోనెల సరుకుని "బాగుంది" అని రాసింది. ఆ పొడి బజారుకెళ్ళి తిరిగొచ్చింది. మేనేజరు గట్టిగా ఒక్క మాట అనలేదు. ఆవిడే ఏప్రన్ విప్పి, మడతపెట్టి బల్ల మీద పెట్టేసింది. తర్వాత ఆవిడని కింది అంతస్తులో పొడి ఆకు సైజులు చూసి వేరుచేసే చోటికి మార్చారు. అక్కడ కళ్ళుంటే చాలు.

ఏడో నెలలో డాక్టర్ని గట్టిగానే అడిగింది. "ఇంక రాదా అండీ? ఉన్నమాట చెప్పండి."

డాక్టరు కాస్త విసుక్కున్నాడు. "వయసు కూడా ఉందిగా అమ్మా. ఈ ఆపరేషన్లో వెయ్యిమందిలో ఏ కొందరికో ఇలా అవుతుంది. ఊపిరి బాగా ఆడుతోందిగా?"

"అవుతుందని ముందు తెలుసా మీకు?"

ఆయన కంప్యూటరు వైపు తిరిగి ఏదో టైపు చెయ్యడం మొదలుపెట్టాడు.

ఆ మాట ఆవిడలో ములుకులా దిగిపోయింది. వాసన పోయినందుకు ఏడుపొచ్చిందే గానీ కోపం రాలేదు. తెలిసీ తనకి చెప్పలేదన్న దగ్గర కోపం పుట్టింది. దాన్ని లోపలే పెట్టుకుని ఇంకో ఆరు నెలలు తిరిగింది. చివరికి ఒక బుధవారం సెలవు పెట్టి, కోర్టు ఆవరణలో ఉచితంగా సలహా చెప్పే గదికి వెళ్ళింది. అక్కడో ముసలి లాయరు, మేజా మీద ఫైళ్ళ మధ్య మొహం మాత్రం కనిపిస్తూ కూర్చున్నాడు. అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.

"ముందు మీకేం కావాలో చెప్పండమ్మా" అన్నాడు. "దాన్నిబట్టే ఎక్కడికెళ్ళాలో తేలుతుంది."

"నాకు వాసన కావాలండీ."

"అది ఏ కోర్టూ ఇవ్వలేదమ్మా" అన్నాడు. "ఇచ్చేవి చెప్తాను. డాక్టర్ని మందలించాలనుకుంటే వైద్య మండలికి ఫిర్యాదు రాయొచ్చు. తప్పు పెద్దదైతే లైసెన్సు కొన్నాళ్ళు ఆపుతారు, మీ చేతికి మాత్రం ఏమీ రాదు. నష్టపరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్. పోలీసు కేసు పెడదామంటారా, ఒళ్ళు తెలియని నిర్లక్ష్యమైతే తప్ప నిలబడదు, మీది అలాంటిది కాదు. ఇవేవీ వద్దనుకుంటే ఆస్పత్రి వాళ్ళతో కూర్చుని మాట్లాడుకుని రాజీపడొచ్చు."

"తప్పు వాళ్ళదేగా అండీ? ముక్కు పోయిందిగా?"

"అక్కడే అందరూ పొరపాటు పడతారు. ఆపరేషన్ వికటించినంత మాత్రాన డాక్టరు తప్పు చేసినట్టు కాదు. రెండు చోట్ల వెతకాలి. ఒకటి చెయ్యి, రెండు నోరు. చెయ్యి సరిగ్గా పనిచేసిందా, నోరు చెప్పాల్సింది చెప్పిందా? చెయ్యి సంగతి తేల్చడానికి ఇంకో డాక్టరు అభిప్రాయం కావాలి. నోటి సంగతి మీ కాగితాల్లో ఉంటుంది. వెళ్ళి మొత్తం రికార్డు తెచ్చుకోండి. నోటితో అడగొద్దు. అర్జీ రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆపరేషన్ అయి ఎన్నాళ్ళయింది?"

"పదమూడు నెలలు."

"గడువు రెండేళ్ళు. ఆలస్యం చెయ్యకండి."

అప్పటికే రెండుసార్లు నోటితో అడిగితే "రేపు రండి" అన్న కౌంటరు అమ్మాయి, అర్జీ మీద ముద్ర వేసిన మూడో రోజున నలభై ఒక్క పేజీలు ఇచ్చేసింది. టేస్టరమ్మ వాటిని వంటింటి బల్ల మీద పరుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో పేజీ చదివింది. ఒప్పుదల కాగితంలో రక్తం పోవచ్చని ఉంది, చీము పట్టొచ్చని ఉంది. వాసన మాట ఎక్కడా లేదు. మొదటి పేజీలో వృత్తి అన్నచోట ఎవరో గుండ్రటి అక్షరాలతో "గృహిణి" అని రాశారు.

తర్వాతి బుధవారం ఆ పేజీ లాయరు ముందు పెట్టి, "పెళ్ళి కాకుండానే గృహిణిని చేసేశారండీ నన్ను" అంది. లాయరు పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వకపోవడం చూసి, ఆపేసి, ఆ గడిలోని మాటని ఎర్ర పెన్సిలుతో చుట్టాడు.

లాయరు పంపిన నోటీసు డాక్టరుకి అందిన వారానికి చెల్లెలు ఫోన్ చేసింది.

"ఏంటక్కా ఇది? ఆయన ఎవరనుకున్నావ్? మా పిల్లల్ని ఎత్తుకు తిరిగినవాడు. ఇప్పుడు మా ఆయన మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"నేను మీ ఆయన మీద కేసు వెయ్యలేదే."

"తీసుకెళ్ళింది ఆయనేగా! అయినా వాసన లేకపోతే మనిషి బతకడా? కన్ను పోయిందా, కాలు పోయిందా?"

టేస్టరమ్మ దగ్గర దానికి సమాధానం ఉంది.  చెప్పేలోపే అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఆ ఆదివారం అలవాటు కొద్దీ తయారై బస్టాపు దాకా వెళ్ళింది. బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది. "ఎక్కుతారా?" అని డ్రైవరు అడిగాడు. "లేదు నాయనా" అని వెనక్కి తిరిగింది.

ఒకసారి మాత్రం మరిదే ఇంటికొచ్చాడు. కుర్చీ అంచు మీద కూర్చుని, ఆస్పత్రి వాళ్ళు జన్మంతా వైద్యం ఉచితంగా చేస్తామంటున్నారనీ, కొంత సొమ్ము కూడా ఇస్తారనీ, ఎవరి తప్పూ లేదని ఒక కాగితం మీద సంతకం పెడితే చాలనీ చెప్పాడు.

"సొమ్ము వద్దులే. వాసన పోవచ్చని నాకు ముందు చెప్పలేదని ఆయన్నే ఓ ముక్క రాసిమ్మను. నోటీసు రేపే వెనక్కి తీసుకుంటాను."

"అలా రాస్తే మొదటికే మోసం వస్తుంది వదినగారూ. వాళ్ళ లాయరు ఒప్పుకోడు."

"చదివి చూసి సంతకం పెట్టడం ఇప్పుడే నేర్చుకున్నాను బాబూ. నేనూ ఒప్పుకోను."

మరిది మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

రాజీ కుదరక కేసు కమిషన్‌కి ఎక్కింది. అది వాయిదాల మీద వాయిదాలు పడుతూ ఏడాదిన్నర నడిచింది. టేస్టరమ్మ ప్రతిసారీ సెలవు పెట్టి వెళ్ళి, వసారాలో చెక్క బెంచీ మీద కూర్చునేది. పక్కన ఎవరెవరో తమ్ముళ్ళతో, కొడుకులతో వచ్చేవారు. "మీ తరఫున ఎవరొచ్చారండీ?" అని ఎవరైనా అడిగితే ఫైలు చూపించేది.

వేరే ఊరి ఆస్పత్రిలోని పెద్ద డాక్టరు అభిప్రాయం కవర్లో వచ్చింది. ఆపరేషన్ పద్ధతి ప్రకారమే జరిగింది, చేతిలో లోపం లేదు, వాసన పోవడం అరుదుగా జరిగేదే అని రాశాడు. లాయరు దాన్ని చదివి వినిపించి, "చెయ్యి పోయిందమ్మా. ఇక మిగిలింది నోరే" అన్నాడు. ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదు. నోటితో పాటు ఇన్నాళ్ళూ మనసులో తిట్టుకున్న చెయ్యి తప్పు చెయ్యలేదంటే, ఆ తిట్లన్నీ ఎక్కడ దింపుకోవాలో తెలియలేదు.

విచారణ రోజున డాక్టరు తరఫు లాయరు ఒప్పుదల కాగితం పైకెత్తాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"చదివే పెట్టారా?"

"కళ్ళజోడు తీసేసుకున్నారండీ. ఇచ్చినా లాభం లేదు, అందులో వాసన మాట లేదు."

కమిషన్‌లో మధ్య కుర్చీలో కూర్చున్నావిడ డాక్టరు వైపు తిరిగింది. "ఈవిడ ఏం పని చేస్తారో మీకు తెలుసా?"

 తన లాయరు గొంతు సవరించుకున్నా డాక్టరు పట్టించుకోలేదు. "టీ కంపెనీ అని తెలుసండీ. ప్యాకింగేమో అనుకున్నాను. అడగలేదు" అన్నాడు.

"తెలిసి ఉంటే?"

"ముందు మందులతో ఇంకొన్నాళ్ళు చూసేవాణ్ణి. ఆపరేషన్ తప్పదనుకుంటే చెప్పే చేసేవాణ్ణి."

టేస్టరమ్మ ఆయన్ని అప్పుడే సరిగ్గా చూసింది. జుట్టు బాగా నెరిసింది. ఎంతకాలంగానో వినాలనుకున్న మాట వినేసింది. విన్నాక లోపల ఏదో తేలికవుతుందనుకుంది. ఏమీ కాలేదు. బయటికి వస్తుంటే ఆయన మెట్ల దగ్గర ఆగి, "అమ్మా" అన్నాడు. ఆవిడ కూడా ఆగింది.  ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

తీర్పు రెండు నెలలకి వచ్చింది. ఆపరేషన్‌లో నిర్లక్ష్యం లేదన్నారు. వృత్తి అడగకుండా, వాసన పోయే ప్రమాదం చెప్పకుండా సంతకం తీసుకోవడం మాత్రం సేవాలోపమేనన్నారు. అడిగిన పరిహారంలో మూడోవంతు ఇమ్మన్నారు. లాయరు సంబరపడ్డాడు. "గెలిచామమ్మా! ఈ తీర్పు చూపించి రేపు ఇంకొకరు అడుగుతారు" అన్నాడు. ఆవిడ ఆయనకి దణ్ణం పెట్టి, ఆ పూటకి సెలవున్నా కంపెనీకే వెళ్ళింది. ఇంటికి వెళ్ళి ఎవరికి చెప్పాలి?

పది రోజుల తర్వాత ఆదివారం పొద్దున్న తలుపు చప్పుడైంది. తీస్తే చెల్లెలు. ఈ రెండేళ్ళలో కాస్త లావయింది. ఇద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు. చెల్లెలు ఏదో అనబోయి, చటుక్కున ముక్కు మూసుకుంది.

"అక్కా, ఇంట్లో ఏదో చచ్చింది."

టేస్టరమ్మ మొహం పాలిపోయింది. ఎన్నాళ్ళయిందో ఏమిటో! మొన్న కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషి గుమ్మంలోంచే ఎందుకు వెళ్ళిపోయాడో, పక్కింటావిడ మెట్ల మీద ఎందుకు మొహం తిప్పుకుందో అప్పుడర్థమైంది. సిగ్గుతో కుంచించుకుపోయి గోడకి ఆనుకుంది.

చెల్లెలు మొహానికి రుమాలు కట్టుకుని గదులన్నీ తిరిగింది. "ఇటు పట్టు" అని బీరువా ఒక పక్క తను, ఒక పక్క అక్క పట్టుకుని జరిపారు. వెనకాల ఎలుక. చెల్లెలు దాన్ని కాగితంలో ఎత్తి, కిందికి తీసుకెళ్ళి పారేసి వచ్చి, నేల రెండుసార్లు తుడిచి, కిటికీలన్నీ తెరిచింది. ఆ పనిలో కేసు మాట ఎవరూ ఎత్తలేదు. చేతులు కడుక్కుంటూ, అక్క వైపు చూడకుండానే అంది:

"నాకు తెలియలేదక్కా. వాసన లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను."

"ఇప్పుడు పోయిందా?"

"పోయింది. కొంచెం ఉంది. సాయంత్రానికి పోతుంది."

చెల్లెలు మధ్యాహ్నం దాకా ఉంది. మరిది ఇంకా కోపంగానే ఉన్నాడట. అందుకని ఇంటికి రమ్మనలేదు. వారం వారం తనే వచ్చి ఇల్లు చూసి వెళ్తానంది. రెండు ఆదివారాలు వచ్చింది. మూడో ఆదివారం పిల్లల పరీక్షలని ఫోన్ చేసింది. ఆ తర్వాత ఎక్కువగా ఫోన్లే. టేస్టరమ్మ ఆదివారం పొద్దున్నే బీరువా జరిపి, బల్లల కింద, పొయ్యి వెనక లైటు వేసి చూసుకుంటుంది. చూడటం అయ్యాక కిటికీలు తెరిచి, బట్టలు ఉతుక్కుని, ఫోన్ చేతికందేలా పెట్టుకుని కూర్చుంటుంది.