మామా కారుకి నేను తీసేసిన సొట్ట

నా సుత్తి మీద ఒట్టు, నా డాలీ మీద ఒట్టు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ప్రతి అక్షరం నిజం. కువైట్ ఫహాహీల్‌లో నన్నెరిగినవాళ్ళు ఈ మాట వినగానే పక్కకి తిరిగి నవ్వుతారు. నవ్వనివ్వండి. కోనసీమవాడు ఉన్నదానికి నాలుగు కలిపి చెప్తాడని వాళ్ళ నమ్మకం. కానీ సుత్తి మీద ఒట్టేసి అబద్ధమాడితే మర్నాడు అదే సుత్తి వేలు మీద పడుతుందండి. ఆ భయం నాకుంది.

2022 చలికాలం. దజీజ్‌లో ఒక గ్యారేజీలో డెంటర్‌ని నేను. డెంటర్ అంటే గుద్దుకున్న బండి రేకుని మళ్ళీ మొదటి ఆకారానికి తెచ్చేవాడు. రేకు వెనక డాలీ, అంటే గుప్పిట్లో పట్టే ఇనప దిమ్మ, ఆనించి పైనుంచి సుత్తితో చిన్నచిన్నగా కొట్టుకుంటూ పోవాలి. మిగిలిన గుంటలకి పుట్టీ, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు. ఎత్తుపల్లాలు మేం కళ్ళతో చూడం, కళ్ళని రంగు మోసం చేస్తుంది. కళ్ళు మూసుకుని అరచేత్తో నిమురుతాం. చెయ్యి ఆగిందంటే అక్కడింకా సొట్ట ఉన్నట్టే.

ఓ రోజు గ్యారేజీకి ఒక కువైటీ పెద్దాయన వచ్చాడు. అహ్మదిలో ఆయిల్ కంపెనీలో పనిచేసి రిటైరైనవాడు. ఇక్కడ ఇంటాయన్ని బాబా అని, ఇంటావిణ్ణి మామా అని పిలవడం అలవాటు కాబట్టి బాబా అనే పిలిచాను.

"నీ చెయ్యి మంచిదన్నారు. కానీ కారు ఇక్కడికి రాదు. నువ్వే శుక్రవారం శుక్రవారం మా ఇంటికి రావాలి" అన్నాడు, సగం అరబ్బీ, సగం హిందీ.

"ఏం బాబా, కారుకి మోకాళ్ళ నొప్పులా?"

"కారుకి కాదు, మా ఆవిడకి."

సంగతేమిటంటే, మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడ గడప దాటడం మానేసింది. కొత్త బండ్లు ఎత్తుగా ఉంటాయట, ఎక్కనంది. పిల్లలు బతిమాలితే, "నా పాత కారు కదిలిన రోజు చెప్పండి, సముద్రం దాకా వస్తాను" అనేసిందట. అది కదలదనే ఆవిడ ధైర్యం. బాబా ఆ మాట పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

ఫహాహీల్‌లో వాళ్ళింటి పెరట్లో, షెడ్డు కింద ఉంది ఆ కారు. పెళ్ళైన ఏడాది కొన్నది. అమెరికన్ బండి, పిస్తా రంగు. ఎంత పొడుగంటే, ముందు సీట్లోవాళ్ళు సముద్రం దగ్గర దిగాక కూడా వెనక సీట్లోకి అహ్మదిలో ఎక్కొచ్చు. డోరు లోపలి అట్ట ఊడదీస్తే బుడబుడమని ఇసక కారింది. ఆ ఇసకలోనే ఆ ఇంటి వంటావిడ మల్లె అంటు నాటితే బతికి పూలు పూసింది.

ఇంజిన్ సంగతి వేరే మెకానిక్ చూసుకున్నాడు. రేకు నాది. ఎండాకాలం రేకు మీద చెయ్యి పెడితే చెయ్యి రేకుకే ఉండిపోతుంది కాబట్టి చలికాలాల్లోనే పని. అలా మూడు చలికాలాలు గడిచాయి. బాబా పక్కన పీట వేసుకుని గరుకు కాయితంతో రుద్దేవాడు. ఎంత ప్రేమగా రుద్దేవాడంటే, "బాబా, ఖలాస్, ఇంకా రుద్దితే అవతలి పక్క పక్కింటోళ్ళు కనపడతారు" అని నేనే కాయితం లాక్కునేవాణ్ణి.

వంటావిడ పేరు రమణమ్మ. రాయచోటి వైపు. ఆ ఇంట్లో పిల్లల్ని పెంచి, వాళ్ళ పిల్లల్నీ పెంచింది. టీ తెచ్చినప్పుడల్లా నాకో చురక తప్పదు.

"ఏం సామీ, ఇంగా తడుతానే ఉండావా? మా ఊర్లో ఈపాటికి ఇల్లు కట్టి సున్నం గూడా కొట్టుకుందురు."

"ఇల్లు సముద్రం దాకా నడవక్కర్లేదు కదక్కా!"

రెండో చలికాలంలో రమణమ్మక్క సెలవు మీద ఊరెళ్ళింది. ఉండుంటే ఈ కథే లేదు. ఆ నెల్లోనే ఎడమవైపు వెనక మూల చేతికెత్తుకున్నాను. అక్కడ, ఎవరి కంటా పడని గోడవైపు, మూకుడంత సొట్ట. మొండిది. లోపల డాలీ పట్టే చోటు లేదు, బాబా డిక్కీలో పడుకుని ఆనించి పట్టుకున్నాడు. పూర్తయ్యాక కళ్ళు మూసుకుని నిమిరితే చెయ్యి నీళ్ళ మీద పోయినట్టు పోయింది. నా జన్మలో అంత మంచి పని చెయ్యలేదు. బాబా నా నుదుటి మీద ముద్దు పెట్టాడు.

చివరికి రంగు ఆరింది, ఇంజిన్ పలికింది. బాబా కొత్త దిష్‌దాషా, అదే వాళ్ళ పొడుగు తెల్ల అంగీ, వేసుకుని మామాని చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకొచ్చాడు. ఆవిడ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. రంగు చూడలేదు, మెరిసే బంపరు చూడలేదు. తిన్నగా ఎడమ వెనక మూలకి వెళ్ళి అరచెయ్యి వేసింది. నిమిరింది. మళ్ళీ నిమిరింది.

"ఏదీ?" అంది.

"ఏది ఏదీ?" అన్నాడు బాబా.

ఆవిడ ఆయన మొహంకేసి చూసి, వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. కారు ఎక్కలేదు. రమణమ్మక్క నెత్తి కొట్టుకుంది.

"ఏం పని జేసినావు సామీ! యాడ బెట్టినావు ఆ సొట్టను?"

"ఎక్కడ పెట్టడమేంటక్కా, తీసేశాను. నా పనే అది కదండీ!"

అప్పుడు చెప్పింది. పెళ్ళైన కొత్తలో బాబానే ఆవిడకి బండి నేర్పాడట. మొదటిరోజే రివర్స్‌లో గేటు స్తంభానికి కొట్టింది. కొత్త కారు. మొగుడు ఏమంటాడోనని ఏడుస్తూ కూర్చుంటే, ఆయన వచ్చి చూసి పగలబడి నవ్వి, "ఇది నువ్వు పెట్టిన సంతకం, దీన్ని ఎవరూ చెరపకూడదు" అన్నాడట.

"ఆయప్పకు ఎప్పుడన్నా కోపమొస్తే, మామా ఆయప్ప చెయ్యి పట్టుకోని పోయి ఆ సొట్ట దగ్గర నిలబెడుతుండె. ఆడికి ఆయప్ప నవ్వుతుండె. ఇంగ ఇప్పుడు యాడ నిలబెట్టేది?"

బాబాకి హిందీలో చెప్పాను. ఆయన షెడ్డు కింద పీట మీద కూలబడిపోయాడు. చెరపకూడదన్నవాడే, ఏళ్ళు గడిచి ఆ మాట మర్చిపోయి, డిక్కీలో పడుకుని డాలీ పట్టుకున్నాడు మరి.

రెండ్రోజుల తర్వాత గ్యారేజీకి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. మామా మాట్లాడ్డం లేదట.

"మళ్ళీ పెట్టు" అన్నాడు.

"ఏమిటి బాబా?"

"సొట్ట."

సొట్ట తియ్యమన్నవాళ్ళే తప్ప పెట్టమన్నవాళ్ళు నాకు తగల్లేదు. పాత మడ్‌గార్డు ఒకటి తెచ్చి కొట్టి చూశాను. చిన్న సుత్తి, పెద్ద సుత్తి, చెక్క సుత్తి. ఏం కొట్టినా సుత్తితో కొట్టినట్టే ఉంది, గుద్దుకున్నట్టు లేదు.

"లాభం లేదు బాబా. అది గేటు స్తంభం, భయపడ్డ కాలు కలిసి చేసిన పని. ఆ స్తంభం ఉంది. ఆ కాలు కూడా ఉంది. అడగాల్సింది నన్ను కాదు."

అడిగే ధైర్యం బాబాకి లేదు. రమణమ్మక్కే వెళ్ళింది. తిరిగొచ్చి కొంగుతో మొహం తుడుచుకుంటూ చెప్పింది. "మీరే ఇంగోసారి గుద్దాలంట మామా, అంటి. మొగం ఆ పక్కకు తిప్పుకోని నవ్వింది. నవ్విందంటే అయిపోయినట్టే, లెయ్ సామీ!"

ఆ శుక్రవారం మామా వచ్చింది. కర్ర బాబా చేతిలో పెట్టి స్టీరింగ్ ముందు కూర్చుంది. బాబా వెనకాల నిలబడి చేతులు ఊపుతూ "షువయ్య, షువయ్య" అంటున్నాడు, మెల్లగా అని. "నువ్వు అడ్డు తప్పుకో! అప్పుడూ ఇలాగే అరిచి నన్ను కంగారు పెట్టావ్" అని ఆవిడ కేకేసింది. మూడు చలికాలాల నా పని మెల్లగా స్తంభం వైపు వస్తుంటే నేను చూళ్ళేక కళ్ళు మూసుకున్నాను.

ధబ్!

వెళ్ళి అరచెయ్యి వేశాను. అదే ఎడమ మూల, అదే లోతు, అదే మూకుడు. మామా దిగలేదు. "యల్లా, ఎక్కు" అంది బాబాతో. గేటు దాటి సముద్రం వైపు వెళ్ళిపోయారు. ఆవిడ కర్ర, రాలిన పిస్తా రంగు పెచ్చులు, రమణమ్మక్క, నేను మిగిలాం. ఇప్పటికీ సాయంత్రాలు తీరం రోడ్డు మీద ఆ కారు కనిపిస్తుంటుంది.

అప్పట్నుంచీ పాతబండి ఎవరు తెచ్చినా సుత్తి తియ్యకముందు ఒక్క మాట అడుగుతాను. "ఏ సొట్ట ఉంచమంటారు?" చాలామంది పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తారు. ఒక్కొక్కరు మాత్రం కాసేపు ఆలోచించి, వేలితో చూపిస్తారు.

సరే, ఇందులో ఒక ముక్క కల్పించాను. ఒప్పుకుంటున్నాను. ఇసకలో మల్లె పూయడం కాదండి, అది నిజం, వెళ్ళి చూసుకోండి. కల్పించింది ఆ చివరి దెబ్బ. నిజానికి స్టీరింగ్ ఎటో తిరిగి, కారు కుడి మూల తగిలింది. సొట్ట కూడా మూకుడంత లేదు, గరిటంత. మామా దిగి, దానిమీద అరచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, "ఇదే" అంది. బాబా ఎడమ మూల చూశాడు, కుడి మూల చూశాడు, ఆ తర్వాత నాకేసి చూశాడు.

నేను తీసేసింది కూడా కుడివైపుదేనని, అప్పుడు బాబా ముందు ఈ సుత్తి మీదే ఒట్టేశాను.