మ్యూచువల్‌లో పోయిన ఆటగాడు

హాజరైనవారు: రైల్వే ఇన్‌స్టిట్యూట్, అంటే మా ఉద్యోగుల క్లబ్బు, బాస్కెట్‌బాల్ జట్టు సభ్యులు పదమూడుగురు. అందులో అధ్యక్షులవారు, అంటే మా లోకో షెడ్డు హెడ్ క్లర్కు, ఒకరు. ఆయన బావమరిది ఒకరు. పాత మెయిల్ డ్రైవరు ఒకరు. ఎవరిని తెచ్చుకోవడం గురించి సభ పెట్టారో ఆ పొడుగాయన ఒకరు. మినిట్స్ రాయడానికి నేను. మిగతా ఎనిమిది మంది హెడ్ క్లర్కు దగ్గితే మంచినీళ్లందించే రకం. సభ్యుడు కాని మనిషి, కెటిలుతో వచ్చిన టీ కొట్టు సాయిబు.

వస్తువులు: బెంచీలు నాలుగు, అద్దాల బీరువా ఒకటి, అందులో గెలవబోయే కప్పు పెట్టడానికని ఆరేళ్లుగా తుడుస్తున్న ఖాళీ చోటు ఒకటి, గాలి పోతున్న బంతి ఒకటి, ఇన్‌లాండ్ ఉత్తరం ఒకటి, అలసంద వడలు ముప్ఫై రెండు. వడలు లెక్కపెట్టమని నన్నెవరూ అడగలేదు. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు చదివితే ఆ జబ్బు వస్తుంది.

హాజరు కానివాడు ఒకడే. ఉత్తరం రాసినవాడు.

అరవైల మొదట్లో సంగతి. నెల్లూరు జిల్లాలో సముద్రానికి కాస్త ఇవతల మా రైల్వే కాలనీ. నేను షెడ్డులో అప్రెంటిసుని. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు వెళ్లిపోతూ మాకు ఒక బాస్కెట్‌బాల్ కోర్టు వదిలిపోయారు. నేలంతా ఇంజన్ల బూడిద కొట్టి చదును చేసింది. పడితే మోకాలికి నెల రోజులు నలుపు పోదు. రింగు మా కమ్మరి షాపులో చేసింది. నేలనుంచి దాని ఎత్తు టేపుతో కొలిచాను, పదడుగులకు ఒకటిన్నర అంగుళం తక్కువ. ఆ మాట హెడ్ క్లర్కుకు చెబితే, "రెండు జట్లకీ తక్కువే గదబ్బయా" అన్నారు. న్యాయం గురించి ఆయన అభిప్రాయం అంతా ఆ ఒక్క మాటలో ఉంది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఉత్తరం రాసినవాడు ఇంజనులో బొగ్గు వేసే సెకండ్ ఫైర్‌మన్. దొరవారిసత్రం అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలే. కానీ పదేళ్లప్పటినుంచీ పడవ మీద నిలబడి వల విసిరిన చెయ్యి. బంతిని కూడా అట్లాగే, నడుము తిప్పి, మణికట్టు వదిలి విసిరేవాడు. కోర్టు సగం దూరం నుంచి వేసినా బంతి రింగు ఇనుమును తాకేది కాదు. పక్క షెడ్ల వాళ్లు మ్యాచికి రాగానే మొదట అడిగే ప్రశ్న, "ఆ వలోడు వచ్చుండాడా?"

ఎక్కువసార్లు వచ్చేవాడు కాదు. ఇంజను మీద సూళ్లూరుపేట దాటి మద్రాసు వైపో, ఒంగోలు వైపో పోయేవాడు. ఆ గైర్హాజరీని ఎర్ర సిరాతో గ్రాఫ్ కాగితం మీద పట్టికగా గీసింది నేనే. ఏడాదిలో మ్యాచులు ఇరవై, అతను ఆడినవి తొమ్మిది. గీత వంకర లేదు, మచ్చ లేదు. హెడ్ క్లర్కు దాన్ని నోటీసు బోర్డుకు గుచ్చి, "చదువుకున్నోడి లెక్కంటే ఇది" అన్నారు. నేను రెండు రోజులు ఆ బోర్డు ముందునుంచే డ్యూటీకి వెళ్లాను. దారి చుట్టయినా సరే.

రైల్వేలో మ్యూచువల్ అని ఒకటుంది. ఒకే హోదాలో ఉన్న ఇద్దరు ఒప్పుకుని సంతకాలు చేస్తే, వాడు ఇక్కడికి, వీడు అక్కడికి. పెళ్లాం ఊరికని, పిల్లల బడికని చేసుకుంటారు. మా కమిటీ దాన్ని ఆటకు వాడింది. కృష్ణా నది అవతలి ఒక షెడ్డులో ఆరడుగుల రెండంగుళాల సెకండ్ ఫైర్‌మన్ ఉన్నాడని తెలిసింది. అతను ఆడతాడా అని ఒక్కరూ అడగలేదు. అంత ఎత్తు పెట్టుకుని ఆడకుండా ఎవరైనా ఉంటారా అనుకున్నారు. మా వాడికేమో, "ఆడ క్వార్టరు ఇస్తారు, ప్యాసింజరు బండ్లు ఇస్తారు, సంతకం పెట్టు" అన్నారు. పెట్టాడు.

నాలుగు నెలలు గడిచాయి. క్వార్టరు రాలేదు. అతను అక్కడ, బండి దిగిన సిబ్బంది పడుకునే రన్నింగ్ రూములో మంచమేసుకుని ఉన్నాడు. నిండు చూలాలైన భార్య ఇక్కడ మా కాలనీ క్వార్టరులో ఒక్కతే ఉంది. ఆ క్వార్టరు కూడా ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. మ్యూచువల్‌ను ఆరు నెలల లోపు ఇద్దరూ కోరితే, షెడ్డు సిఫారసు చేస్తే తిప్పుకోవచ్చు. ఉత్తరంలో ఉన్నది అదే: "నన్ను వెనక్కి పిలిపించండి. ఆటలోకి తీసుకోకపోయినా పర్వాలేదు."

మార్పిడి తప్పు అని సభ అంటే షెడ్డు సిఫారసు పైకి వెళుతుంది. సరైనదే అంటే ఉత్తరం బీరువాలోకి పోతుంది. ఎజెండాలో అంశం ఒక్కటే.

"ఇరవైకి తొమ్మిది," అన్నారు హెడ్ క్లర్కు, వడ విరుస్తూ. "ఇది నా మాట గాదు. లెక్క చెప్పే మాట. కొత్తాయన ఎనిమిదికి ఎనిమిది వచ్చుండాడు."

"వచ్చి ఏం చేసినాడో గూడా చెప్పండి సామీ," అన్నాడు పాత డ్రైవరు. ఆయనకు ఇంకా కొద్ది నెలలే సర్వీసుంది. ఎవరికీ భయపడాల్సిన అవసరం లేదు.

"ఎగిరితే రింగు చేతికి అందే మనిషి మన షెడ్డులో ఇంకోడుండాడా?"

"రింగు అందుతాది. బంతే అందదు."

పొడుగాయన ఈ మాటలన్నీ వింటూ నాలుగో వడ తీసుకున్నాడు. ఎనిమిది మ్యాచుల్లో ఆయన వేసిన పాయింట్లు ఆరు. అయితే ఒక మేలు జరిగింది. రింగుకు కట్టిన వల తెగితే ఇదివరకు స్టోర్సు నుంచి నిచ్చెన కావాలని ఇండెంటు కాగితం పెట్టేవాళ్లం. ఇప్పుడు ఆయన బెంచీ ఎక్కి మునివేళ్ల మీద నిలబడి ముడి వేసేస్తాడు. ఆ వలలోకి బంతి పోవడం అరుదు కాబట్టి ముడి చాలాకాలం ఉంటుంది.

"మా షెడ్డులో నేనెప్పుడూ బంతి ముట్టుకోలేదండి," అన్నాడాయన మెల్లగా. "బల్బులు మార్చేవాణ్ణండి. నన్నూ పంపించేస్తే మా ఊరు వెళ్లిపోతానండి."

"నువ్వుండయ్యా, నీ సంగతే మాట్లాడతా ఉంటే మధ్యలో నువ్వేంది?" అన్నాడు బావమరిది.

ఆ మాటకు టీ పోస్తున్న సాయిబు కూడా చెయ్యి ఆపాడు.

ఇప్పుడు నా చొక్కా జేబు గురించి చెప్పాలి. అందులో నాలుగు మడతలు పెట్టిన రెండో పట్టిక ఉంది. మార్పిడి అయ్యాక నన్ను శిక్షణలో భాగంగా నెల రోజులు బుకింగ్ సెక్షనులో వేశారు. ఏ బండికి ఏ ఫైర్‌మన్ వెళ్లాలో రాసే రిజిస్టరు అక్కడుంటుంది. నాకు పనేమీ చెప్పలేదు, కాబట్టి రిజిస్టరు చదివాను. మా వాడు రాని మ్యాచులు పదకొండు. అందులో తొమ్మిదింట్లో ఆ పొద్దున మొదట వేరే ఫైర్‌మన్ పేరు రాసి ఉంది. దాన్ని కొట్టేసి పక్కన మా వాడి పేరు రాశారు. రాత హెడ్ క్లర్కుది. ఆ తొమ్మిది మ్యాచుల్లోనూ అతని బదులు ఆడింది బావమరిది. కొత్తాయనకు మాత్రం వచ్చిన రోజునుంచీ షెడ్డులోనే డ్యూటీ. ఎనిమిదికి ఎనిమిది రాక ఎక్కడికి పోతాడు?

ఆ పట్టిక జేబులోనే ఉంది. నన్ను ఉద్యోగంలో ఖాయం చేసే కాగితాలు హెడ్ క్లర్కు ట్రేలో, పైనుంచి మూడోవిగా ఉన్నాయి. అదీ లెక్కపెట్టాను.

పాత డ్రైవరు నా వైపు తిరిగాడు.

"అబ్బయా, నువ్వు బుకింగులో నెల రోజులుండావు గదా. ఆ పదకొండు దినాలు వాడు ఎందుకు రాలేదో నీకేమన్నా తెలుసునా?"

అందరూ నన్ను చూశారు. హెడ్ క్లర్కు చూడలేదు. ఆయన వేళ్లకంటిన నూనెను, బోర్డు నుంచి ఊడదీసి తెచ్చిన నా మొదటి పట్టిక అంచుకు తుడుచుకుంటున్నారు.

"చూసి చెప్పాలండీ," అన్నాను.

"చూసి చెప్తాడంట," అన్నాడు పాత డ్రైవరు. "బీరువాలోని వడలు గూడా లెక్కపెట్టేవాడివి, ఇది చూడలేదా నాయనా?"

వడలు బెంచీ మీద ఉన్నాయి, బీరువాలో కాదు. ఆ తప్పు దిద్దాలనిపించింది నాకు. అంత సూక్ష్మంగా పనిచేసే బుర్ర నాది.

"ఇంక చాలు," అన్నారు హెడ్ క్లర్కు. "మార్పిడి సరైనదే అనేవాళ్లు చేతులెత్తండి."

ఆయన చెయ్యి, బావమరిది చెయ్యి, ఎనిమిది చేతులు. ఆపైన ఇంకొకటి.

"తప్పనేవాళ్లు?"

పాత డ్రైవరు చెయ్యి. పక్కనే, దాదాపు దూలానికి తగిలేంత ఎత్తున, పొడుగాయన చెయ్యి.

"నీ విషయానికి నువ్వే ఓటేసుకుంటే ఎట్టా? అది చెల్లదు, కొట్టెయ్యి," అన్నారు అధ్యక్షులవారు. కొట్టేశాను. స్కేలు పెట్టి, వంకర లేకుండా.

ఉత్తరాన్ని బీరువాలో కప్పు కోసం ఉంచిన చోట పెట్టి తాళం వేశారు. ఆ పక్షంలోనే అతని భార్య సామాను ఎడ్లబండికెక్కించి స్టేషనుకు వెళ్లిపోయింది. బండి వెనక పాత డ్రైవరు నడిచాడు. నేను డ్యూటీలో ఉన్నాను. నెలాఖరుకు నన్ను ఖాయం చేశారు.

మినిట్స్‌లో రాసింది ఇది: మార్పిడి సరైనదే. అనుకూలం పదకొండు, వ్యతిరేకం ఒకటి, చెల్లనిది ఒకటి. పదకొండోది నాది.