చెక్ కేలే అంటే ఎవరు చూసినట్టు?

ముంబైలో సగం టవర్లు నా పాఠం వల్లే నిలబడ్డాయని మనవళ్లకు చెబుతుంటాను. నిజానికి నా క్లాసుకు వచ్చింది ఏడుగురు. అందులో ఒకాయన చాయ్ కోసం వచ్చాడు.

కామాటిపురలో మా పాత చాల్‌ను, అంటే వరస గదుల ఇంటిని, కూల్చి కడుతున్న టవరు పక్కన, రేకుల షెడ్డులో క్లాసు. లిఫ్టుల మరమ్మతులో ముసలివాణ్నైన నన్ను, కూలీలను పైకి మోసే లిఫ్టు క్షేమాన్ని కాగితం మీద ఎలా రాయాలో సైటు వాళ్లకు నేర్పమన్నారు. చూడటానికి ఇనుప డబ్బా. కానీ దాని బ్రేకు ఒకరి పని, డబ్బా పాకే ఉక్కు స్తంభం ఇంకొకరిది, స్తంభాన్ని గోడకు పట్టి ఉంచే పట్టీలు మరొకరివి. ఎవరి పని వాళ్లకు బాగానే కనిపిస్తుంది. ప్రాణాలు పోయేది ఒకరి పని ఇంకొకరి పనిని తాకే చోట. అందుకే ఏం చెడిపోవచ్చు, దాన్ని ఏది ఆపుతుంది, అది ఆపుతుందని ఎవరు చూశారు అన్నవి ఫైలులో ఉండాలని చెప్పాను.

మూడో రోజు, లిఫ్టు నడిపే ఆయన లేచాడు. పాలమూరు మనిషి, ముంబై వచ్చి మూడు నెలలు.

"తాతా, మొన్న స్తంభం ఎత్తు పెంచిన్రు. అప్పట్నుంచి పదకొండో అంతస్తు దాటితే డబ్బా ఊగుతుంది. రోజూ పన్నెండు మందిని ఎక్కించుకొని పోతున్న."

సూపర్‌వైజరు మా గల్లీలో పుట్టిన తెలుగువాడే. ఫైలు తెరిచి చదివాడు. "గోడ పట్టీలు, చెక్ కేలే."

"తెలుగులో చెప్పు," అన్నాను.

"అరే కాకా, చెక్ జాలా నా!"

చెక్ చేయడమైంది అనే ఆ మాటకు మరాఠీలో మనిషి అక్కర్లేదు. పని దానంతటదే అయిపోయినట్టు ఉంటుంది. మన తెలుగులో మాట చివర ఎవరో ఒకరు నిలబడాల్సిందే. చూసిన అంటే నేను, చూసిండు అంటే వాడు.

"చూసిన్రు," అన్నాడు చివరికి.

"ఎవరు?"

"స్తంభమోళ్లు."

స్తంభం మేస్త్రీ వెనక బెంచీ మీదే ఉన్నాడు. "మేమెందుకు చూస్తం? బ్రేకోళ్లు చూసిన్రనుకున్నం."

"బాగుంది! మీ ఇంటి తలుపుకు గొళ్లెం మేం పెట్టాల్నా?" అన్నాడు బ్రేకు మెకానిక్కు.

"అంటే ఎవ్వలు చూడలే," అన్నాడు పాలమూరు ఆయన, మెల్లగా.

అప్పుడు నేను లేచి అందరినీ కడిగేశానని చెప్పుకుంటాను. అబద్ధం. ఆ ఫైలులోని ఫారం తయారుచేసింది నేనే. పనివాళ్లకు రాత కష్టమని ప్రతి గడిలో "చెక్ కేలే" ముందే అచ్చు వేయించాను. సంతకం పెడితే చాలు. ఆ తెలివికి శాలువా కూడా కప్పించుకున్నాను.

కూలీలను కిందే ఆపి సూపర్‌వైజరు, పాలమూరు ఆయన, నేను పైకి వెళ్లాం. పదకొండు దాటగానే డబ్బా ఒక పక్కకు ఒరిగి, ఆలోచించుకున్నట్టు ఆగి, మళ్లీ సర్దుకుంది. దూరాన నాగ్‌పాడా రేకుల కప్పులు ఊగాయి. పదమూడో అంతస్తులో దిగి పట్టీ బోల్టు నట్టును ఉత్త వేళ్లతో తిప్పింది నేనేనని చాలామందికి చెప్పాను. తిప్పింది సూపర్‌వైజరు. నేను స్తంభం వైపు వీపు పెట్టి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నట్టు అతని అరచేతిలో ఉంది.

పాలమూరు ఆయన లిఫ్టు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. కింద నుంచి కూలీలు బెల్లు కొడుతూనే ఉన్నారు. ఇంతలో సూపర్‌వైజరు ఫోను మోగింది. ఆఫీసు నుంచి. ఆ గొంతు మాకూ వినబడింది.

"లిఫ్ట్ కోణీ బంద్ కేలీ?"

ఎవరు ఆపారని. పోయిన నెల ఇలాగే పని ఆపించిన మేస్త్రీని మర్నాడు గేటు లోపలికి రానివ్వలేదు. సూపర్‌వైజరు మా ఇద్దరినీ చూశాడు.

"మీ కేలీ, సాహెబ్."

పాలమూరు ఆయన ముఖం నల్లబడింది. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "విన్నవా తాతా? మీ, మీ అంటుండు. మన మీదికి తోస్తుండు."

"కాదయ్యా. మరాఠీలో మీ అంటే నేను అని."

ఆయన చెయ్యి వదిలేశాడు. ఫోను ఇంకా అరుస్తూనే ఉంది.

"అయితే ఈయన కొలువు పాయె," అని మెట్ల వైపు నడిచాడు.