బండిలో కూర్చున్నవాళ్లు

యీషున్ లైబ్రరీయే నా కాలేజీ. మలేషియా రబ్బరు తోటల్లో పుట్టి, బడి సగంలో వదిలేసి, పనికోసం ఇటు సింగపూర్ వచ్చినదాన్ని. ఇంగ్లీషు పుస్తకాలు ఫోన్లో డిక్షనరీ తెరుచుకుని చదువుతాను. సిగ్గేమీ లేదు, గర్వమే.

ఒక ఏడాది పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ వ్యంగ్యచిత్రాల పుస్తకం చేతికి దొరికింది. అలాంటి బొమ్మలు రాగిరేకు మీద చెక్కి, అచ్చువేసి, దుకాణాల అద్దాల వెనక వేలాడదీసేవారట. జనం వీధిలో గుమిగూడి నవ్వేవారట. ఒక బొమ్మ నన్ను కదలనివ్వలేదు. బండి లాగే గుర్రం కాలు విరిగి పడిపోయింది. బండివాడు కొరడా తిరగేసి దాన్ని బాదుతున్నాడు. మొదట వాడిమీదే కోపమొచ్చింది. మర్నాడు మళ్లీ చూస్తే, బండిలో ఇరుక్కున్న లావుపాటి లాయర్లు కనిపించారు. కొరడా ఎవరి చేతిలో ఉందో చూపించి ఊరుకోలేదు ఆ గీసినవాడు, బరువు ఎవరిదో కూడా గీశాడు.

అదే పుస్తకంలో కుంటివాళ్లనీ, నల్ల నౌకర్లనీ చూసి నవ్వమనే బొమ్మలూ ఉన్నాయి. పుస్తకం మూసేయలేదు. ఎవర్ని చూసి నవ్వమంటున్నావని ప్రతి బొమ్మనీ అడుగుతూ చదివాను.

మా తెలుగువాళ్లు ఉగాదికి నాటిక వేస్తారు. అందులో పనిమనిషి వేషం ఎప్పుడూ నాదే. తమిళం, మలయ్ కలిసిన నా తెలుగు వినగానే హాలు నవ్వుతుంది. ఆ ఏడు నాటిక రాసింది బ్యాంకులో పనిచేసే ఒక హైదరాబాద్ అమ్మాయి. ఇంటావిడ వేషం కూడా తనదే. రిహార్సల్ బెడోక్‌లో వాళ్ల ఫ్లాట్‌లోనే. వాళ్లింట్లో పనిచేసే గోదావరి వైపు ఆవిడ మాకు టీ ఇచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

నాటికలో పనిమనిషి ఆవకాయ జాడీ పగలగొడుతుంది. ఇంటావిడ పేపరు చుట్టి నెత్తిమీద కొడుతుంది. అంతకుముందు ఆ ఇంట్లో నిజంగానే ఆ గోదావరి ఆవిడ చేతిలో జాడీ పగిలింది. ఆ సంగతి మా అందరికీ తెలుసు. పేపరు నా తలమీద పడగానే గుమ్మంలో ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

"ఈ దెబ్బ తీసేద్దాం అమ్మా," అన్నాను.

"అయ్యో ఆంటీ, కామెడీ! పేపరే కదా, కర్రేం కాదుగా?"

"ఆవిడ చూసింది."

"చూస్తే? తనూ నవ్వుకుంటుంది. ఆ లైబ్రరీకి వెళ్లి వెళ్లి మీరే మరీ సీరియస్ అయిపోతున్నారు."

"లైబ్రరీవాళ్లు ఫైన్ వెయ్యాల్సింది పుస్తకాలకి కాదు, ఆంటీకి," అన్నాడు వాళ్లాయన. అందరూ నవ్వారు.

"అయితే దెబ్బ నువ్వు తిను, పేపరు నేను పట్టుకుంటా," అన్నాను ఆ అమ్మాయితో. తను పేపరు మళ్లీ చుట్టి, మొదట్నుంచి చేద్దామంది.

వేషం మానేయలేదు. నేను మానేస్తే ఆ పేపరుకి ఇంకో తల వెతుక్కుంటారు.

ఉగాది రోజు ముందు వరసలన్నీ టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసేశారు, అంటే సీట్లు ఆపేశారు, చందాలిచ్చిన పెద్దల కోసం. పిల్లల్ని ఎత్తుకొచ్చిన పనివాళ్లు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆ గోదావరి ఆవిడా అక్కడే ఉంది, చంకలో ఆ ఇంటి పాపతో.

జాడీ పడింది. పేపరు లేచింది. చేత్తో పట్టేసుకున్నాను.

"వదలండి ఆంటీ," పెదవులు కదపకుండా అంది ఆ అమ్మాయి.

వదల్లేదు. అనాల్సిన మాట నా నోటినుంచే రావాలి. గోదావరి ఆవిడ ఆ మాట అంటే ఉద్యోగం పోతుంది, నేనంటే వేషం పోతుంది, అంతే.

"నన్ను కొడితే జాడీ అతుక్కుంటుందా అమ్మా?" అన్నాను, హాలంతా వినేలా. "పొద్దున లేచింది మొదలు మీ మకాన్ వండడం, మీ గుడ్డలు, మీ పిల్లలు, అన్నీ నామీదే. ఒక్కసారి నా నెత్తిమీంచి దిగి చూడండి!"

ముందు వరసల్లో పెద్దలు కుర్చీల్లో సర్దుకున్నారు. తర్వాత వెనక గోడ దగ్గర ఒక నవ్వు పుట్టింది. అది పక్కదానికి అంటుకుంది, గోడంతా పాకింది. చంకల్లో పిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేశారు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ, నవ్వు ఆగలేదు.

మరుసటి ఏడు నన్ను పిలవలేదు. నా తెలుగు స్పష్టంగా ఉండదని కారణం చెప్పారు.

వెనక గోడ దగ్గరున్నవాళ్లకి బాగానే అర్థమైంది.