అతను రెండు సూదులూ వేసుకున్నాడు

ఈ వేసవిలో వనపర్తిలో ఒక పెళ్ళికి పోయాను. భోజనాల దగ్గర ఎవరో గద్వాల చీరల మాట తీశారు. ఎదుటి వరుసలో కూర్చున్న ఒక పెద్దమనిషికి మా పాత నేతగాడు గుర్తుకొచ్చాడు.

"గాయనకు చేతుల పని ఉండె గని గుండె లేకుండె. బొంబాయి మేళాకు పిలిస్తే కరోనా సూదికి భయపడి పోలే. రాయచూర్ టేషన్ దాంక పోయి, మూట పట్టుకోని వాపసొచ్చిండు."

"సూదికి భయపడేటోడు మగ్గమెట్ల నేసిండే?" అని ఇంకొకరు అన్నారు. అందరూ నవ్వారు. ఒకతను నా వైపు తిరిగి, "నీ దగ్గర్నే చేసె గద సేటూ, నిజమేనా?" అని అడిగాడు.

నేను విస్తట్లోకి చూస్తూ, "ఏమో, గప్పుడు ఫోన్లు, నెట్టు సరిగ పనిచెయ్యకుండె" అన్నాను.

సూదికి భయపడ్డాడన్న మాటను ఊళ్ళో మొట్టమొదట అన్నది నేనే. ఇన్నేళ్ళ తర్వాత, పక్క జిల్లాలో, అతనితో ఏ చుట్టరికమూ లేనివాళ్ళు దాన్ని సాంబారులో కలుపుకొని తింటున్నారు. అప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. చేయి కడుక్కోవడానికి పోయి, కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

జరిగింది ఇది.

గద్వాలలో నా కింద పన్నెండు మగ్గాలు నడిచేవి. నేను నేసేవాడిని కాదు. పట్టు, నూలు, జరీ నేనిచ్చేవాడిని, వాళ్ళు తమ ఇళ్ళల్లో నేసి తెచ్చేవాళ్ళు. మా నాన్న మగ్గం మీద బతికిన మనిషి. నేను మాత్రం ముప్ఫై దాటాక మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. మగ్గానికి బిగించే చిల్లుల డిజైన్ అట్టలు నా బీరువాలో ఉండేవి. చీర నేయడం అయిపోగానే అట్టలు తెచ్చి నాకు అప్పగించాలి. మళ్ళీ నేను ఇస్తేనే ఇంకో చీర మొదలు. మాలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి అది, ఎవరూ తప్పుగా అనుకోరు.

కరోనా రెండో ఏడు మా వాడకట్టు బడిలో సూదులు వేశారు. ఫోన్ నంబరు ఇస్తేనే పేరు ఎక్కిస్తామన్నారు. మావాళ్ళలో సగం మందికి ఫోన్లే లేవు, ఉన్నవాళ్ళు నెలకొక సిమ్ము మార్చేవాళ్ళు. ఒక నంబరు మీద నలుగురిని ఎక్కించవచ్చని తెలిసింది. నా ఫోను, మా ఆవిడ ఫోను, దుకాణం ఫోన్లు రెండు కలిపి నాలుగు. మా ఇద్దరితో పాటు పన్నెండు మందినీ వాటి మీదే రాయించాను. దవాఖాన వాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ నేతగాడి పేరు నా ఫోను మీదే ఉంది. నాకంటే మూడేళ్ళు చిన్నవాడు. చీర నడిమి నూలు, అంచు పట్టు కలిసేచోట అతను వేసిన ముడి వేలితో తడిమినా దొరికేది కాదు. మొదటి సూదికి వరుసలో నా ముందు నిలబడ్డాడు, రెండోదానికి నా వెనక. నేను కళ్ళు గట్టిగా మూసుకుంటే, "అయిపోయింది అన్నా, తెరువు ఇగ" అని భుజం తట్టాడు. తర్వాత చొక్కా చేయి పైకి మడిచి తనూ కుర్చీలో కూర్చున్నాడు. నేను చూశాను. చూశానని ఇక్కడ రాస్తున్నాను.

సర్టిఫికెట్లన్నీ దించి నా ఫోన్‌లో ఒకచోట పెట్టుకున్నాను. ఊళ్ళో చాలామంది జిరాక్స్ షాపులో కార్డు తీయించి, పైన ప్లాస్టిక్ వేయించుకొని జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. మావాళ్ళు అడిగితే, "మీ దగ్గరుంటే పోగొడతరు, అవసరం పడ్డప్పుడు నేనిస్త" అన్నాను. కర్నూలు దవాఖానకు పోవాలన్నా, రాయచూర్‌లో చుట్టాల ఇంటికి పోవాలన్నా వాళ్ళు మా గడప ముందుకొచ్చి నిలబడాలి. చాయ్ తాగుతుంటే తాగడం అయ్యేదాకా నిలబెట్టేవాడిని. వాళ్ళ ఒంట్లోకి ఎక్కిన మందుకు కూడా నేను యజమానినయ్యాను. ఆ రోజుల్లో నాకది ఎంతో బాగా అనిపించేది.

కరోనాకు ముందు ప్రతి ఏడూ బొంబాయి చేనేత మేళాకు నేనే పోయేవాడిని. స్టాలు మీద నా ఫొటో, కింద 'గద్వాల నేతకారుడు' అని రాసి ఉండేది. నూలూ పట్టూ ఎట్లా కలుపుతారని అక్కడి ఆడవాళ్ళు అడిగితే గాల్లో చేతులు తిప్పి చూపించేవాడిని. ఆ చేతులు తిప్పడం అతని మగ్గం దగ్గర నిలబడి నేర్చుకున్నదే. మేళా మళ్ళీ మొదలైన ఏడు, నేసే మనుషులే రావాలని వాళ్ళు నియమం పెట్టారు. ఎవరో అతని పేరు పంపారు. అతనికి సొంతంగా ఒక పాత మగ్గం ఉంది. నా పని అయ్యాక దాని మీద భార్యాభర్తలిద్దరూ కూర్చొని నాలుగు చీరలు నేసుకున్నారు, డిజైన్ కూడా వాళ్ళదే.

అతను అడగడానికి వచ్చేసరికే నాకు సంగతి తెలుసు.

"అన్నా, మేళాకు నా పేరొచ్చింది."

"ఇన్న."

"రెండు సూదుల సర్టిఫికెట్ పంపితేనే స్టాల్ ఇస్తరంట. జర పంపిస్తవా?"

"పంపిస్త. సర్వర్ పని చేస్తలేదు."

ఫోను నా చేతిలోనే ఉంది, సర్టిఫికెట్ దాంట్లోనే ఉంది. సర్వర్‌తో నాకు పనే లేదు. "సరే అన్నా, తొందరేం లేదు, ఐదు దినాలుంది" అని వెళ్ళిపోయాడు.

మూడు రోజులు చూసి జిరాక్స్ షాపుకు పోయాడు. ఆ షాపు ముసలాయన నాకు పాత దోస్తు. సర్టిఫికెట్ దించాలంటే పేరున్న ఫోనుకు ఆరంకెల నంబరొకటి వస్తుంది, అది చెప్పాలి. ఆయన నాకు ఫోన్ చేశాడు.

"సేట్, నీ ఫోన్‌కు నంబరొచ్చింటది, జర చెప్పు."

వచ్చింది. నా కళ్ళ ముందే ఉంది.

"రాలే భాయ్."

"మళ్ళ కొడుత. ఉండు... ఇప్పుడు?"

"ఊహుఁ."

"మీ ఇంట్ల సిగ్నల్ లేదా ఏంది? జర బయటికి రా."

"బయటనే ఉన్న." ఫ్యాను కింద మంచం మీద పడుకొని ఉన్నాను.

మూడోసారి కూడా వచ్చింది. కొద్దిసేపు ఉండి ఆ నంబరు చెల్లకుండా పోతుంది. పోయేదాకా దాన్ని చూస్తూ ఉన్నాను. ఫోన్‌లో వెనకనుంచి అతని గొంతు వినిపించింది. "ఇడిసిపెట్టు చాచా, అన్నను పరేషాన్ చేస్తున్నం."

నన్ను పరేషాన్ చేస్తున్నామని బాధపడ్డాడు. ఆ మాట విన్నాక కూడా నేను నంబరు చెప్పలేదు. మనిషి అనేవాడు చెప్పేవాడు.

అతను దవాఖానలో అడిగితే, ఎవరి నంబరు మీద రాయించారో వాళ్ళ దగ్గరే తెచ్చుకోమన్నారట. ఆఖరి రోజు ఆదివారం. చీరల మూట పట్టుకొని రాయచూర్ స్టేషన్‌కు పోయాడు, ఆలోపు నేను పంపుతానన్న నమ్మకంతో. అక్కడినుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, బండి మూడు నలభైకి. మేళావాళ్ళు గప్పటిదాంక చూస్తరంట, లేకుంటే స్టాల్ ఇంకొకరికి ఇస్తరంట. ఒక్కసారి చూడు."

"నేను అయిజల ఉన్న తమ్మీ. ఫోన్ల చార్జింగ్ లేదు, మల్ల చేస్త."

అయిజ మా పక్క ఊరు, నేను మాత్రం గద్వాలలో మా ఇంట్లోనే ఉన్నాను. ముందర పళ్ళెంలో మాంసం కూర. వంటింట్లో రెండో విడత కుక్కర్ కూత పెడుతోంది. మా ఆవిడ గరిటె పట్టుకొని నా మొహంలోకి చూసింది.

"చార్జింగ్ లేదంటివి, దాంట్లనే మాట్లాడవడ్తివి. పంపరాదు పాపం."

"చెయ్యి ఎంగిలి ఉంది."

"కడుక్కో. ఫోన్ నేను పట్టుకుంట."

"ఊకో."

ఆమె వంటింట్లోకి పోయింది. నేను ఎముక చీకుతూ కూర్చున్నాను. గోడ గడియారం మూడున్నర దాటింది, మూడు నలభై దాటింది. ఐదు దాటాక చేయి శుభ్రంగా సబ్బుతో కడుక్కొని సర్టిఫికెట్ పంపాను. 'ఇప్పుడే దొరికింది తమ్మీ' అని కింద రాశాను. పంపలేదని రేపు ఎవరూ అనకూడదు కదా. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది, రెండు చేతులూ జోడించిన దండం బొమ్మ.

మర్నాడు చాయ్ హోటల్‌లో, అతను ఎందుకు పోలేదని నలుగురూ నన్నడిగారు. "రెండో సూది వేసుకున్నడో లేదో, జర భయస్తుడు" అన్నాను. అంతే. ఆ మాటకు కాళ్ళు నేను మొలిపించాల్సిన పని లేకపోయింది.

ఆరు నెలలు నా మగ్గం నేశాడు. తర్వాత ఒక రోజు అట్టలన్నీ తెచ్చి వరుసగా లెక్క ఒప్పజెప్పి, వనపర్తికి కాపురం మార్చాడు. అక్కడ ఒక బట్టల షాపులో చీరలు విప్పి చూపించి మళ్ళీ మడత పెట్టే పని. మగ్గం మీద మళ్ళీ కూర్చోలేదు.

పెళ్ళిలో ఆ మాట విన్న మర్నాడు ఆ షాపుకు పోయాను. గిరాకీ లేదు. అతను కింద పరిచిన తెల్లగుడ్డ మీద కూర్చొని చీరలు మడత పెడుతున్నాడు. నన్ను చూసి, "కూర్చో అన్నా" అన్నాడు. నేను నిలబడే చెప్పాను. నంబరు వచ్చిందని, మూడుసార్లు వచ్చిందని, ఆ రోజు అయిజలో లేనని.

అతను మడత ఆపలేదు. "అయిజల కుక్కర్ కూత ఎక్కడిదని గప్పుడే అనుకున్న."

"తెలిసి దండమెందుకు పెట్టినవ్?"

"తెల్లారి నీ మగ్గమే నెయ్యాలె గద."

మడిచిన చీర పక్కన పెట్టి అతనే అన్నాడు. "నాకు చెప్పేదేముంది అన్నా, నాకు తెలుసు. నాగర్‌కర్నూల్ పోయి నా బిడ్డ అత్తగారింట్ల చెప్పు. మీ నాయిన లెక్క పిరికిదానివని ఊకె అంటరంట. మొన్న స్కూటీ నేర్చుకుంట అన్నదంట, గదే మాట. బ్యాంకు పరీచ్చకు హైద్రాబాద్ పోత అంటే మల్ల గదే మాట. టేషన్ కాడికెళ్లి వాపసొస్తవు మీ నాయిన లెక్క, అంటరంట. పరీచ్చకు పోనియ్యలే."

తన కోసం అతను ఏమీ అడగలేదు.

తర్వాతి ఆదివారం నాగర్‌కర్నూల్ పోయాను. ఆ అమ్మాయి మామ, అత్త ముందు గదిలో కూర్చున్నారు. నన్ను చూసి మర్యాదగా కుర్చీ వేశారు. మొత్తం చెప్పాను. ఈసారి నెట్టు మీదికీ సర్వర్ మీదికీ తోయలేదు. చెప్తుంటే నా గొంతు నాకే రోతగా వినిపించింది.

అత్త అంది, "ఎందుకు చేసినవు గట్ల? నీకు ఆయనకు తగాదా ఏమన్న ఉండెనా?"

"లేకుండె."

"మరి?"

"ఆయన పేరొచ్చింది, నా పేరు రాలే."

ఆమె మొహం ఎట్లా పెట్టిందంటే, కాలికింద ఏదో మెత్తగా తగిలినట్టు పెట్టింది. ఆ అమ్మాయి తలుపు దగ్గరికి ఎప్పుడొచ్చి నిలబడిందో నేను చూడలేదు.

"పెద్దనాయినా, సర్టిఫికెట్ ఎన్నింటికి పంపినవు?"

"ఐదు దాటినంక."

"బండి పోయినంక."

"ఆ."

"అంతకుముందు నీ దగ్గర లేకుండెనా?"

"రెండు నెలల సంది ఉండె."

ఆమె అత్త వైపు తిరిగి, "ఇన్నరు గద అత్తమ్మా" అంది. "నాయిన ఆ దినం రాత్రి అన్నం తినలే. మాతోని మాత్రం అన్న పాపం ఎంత కోషిష్ చేసిండో అనుకుంట కూసున్నడు." అని లోపలికి పోయింది.

మామ మీసం దువ్వుకున్నాడు. "నోటితోటి చెప్పినవు, మంచిదే. గని మేము అన్నమాట మా అన్నదమ్ముల ఇండ్లల్ల అందరికి పోయింది. నువ్వు ఇల్లిల్లు తిరుగుతవా? రాసియ్యి. టైం గూడ రాయి" అన్నాడు. చాయ్ రాలేదు. నేను లేచి చెప్పులు వేసుకున్నాను. ఎవరూ వాకిట్లోకి రాలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళు నన్ను క్షమించనక్కర్లేదు. ఆ అమ్మాయిని పరీక్షకు పోనిస్తే చాలు. ఆమె తండ్రి రెండు సూదులూ వేసుకున్నాడు. సర్టిఫికెట్ నా ఫోన్‌లో ఉంది. అతను అడిగాడు, నేను ఇవ్వలేదు. బండి మూడు నలభైకి పోయింది.