చుట్టం కంప్యూటర్

ఆ రోజుల్లో కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం. గద్వాలలో నేను పాఠాలు చెప్పిన కంప్యూటర్ సెంటర్ గుమ్మం ముందు చెప్పుల కుప్ప చూసి, లోపల సత్యనారాయణ వ్రతం జరుగుతోందనుకుని ఒక ముసలమ్మ ప్రసాదం అడిగింది కూడా. దుమ్ము పడితే మిషన్ పాడవుతుందని మా సెంటర్ సారుకు భయం. (ఆయన మాత్రం కీబోర్డు పక్కనే కూర్చుని మిర్చీలు తినేవాడు. నూనె పడితే ఏమీ కాదని ధీమా కాబోలు.) కంప్యూటర్ గురించి నాలుగు ముక్కలు తెలిసినవాళ్లకు అప్పట్లో చిన్నపాటి డాక్టరుకున్నంత మర్యాద ఉండేది. నాకు తెలిసినవి సరిగ్గా ఆ నాలుగు ముక్కలే. కానీ అప్పుడప్పుడే డిగ్రీ చేతికొచ్చిన వయసులో తెలియనిదేమిటో తెలియదు కాబట్టి, అన్నీ తెలిసినట్టే ఉండేది. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

మాది వీపనగండ్ల. ఉద్యోగం కోసం గద్వాలలో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. మామది చీరల వ్యాపారం. సొంతంగా నేయడు. చుట్టుపక్కల ఊళ్లలో నేతగాళ్లకు నూలు, పట్టు, జరీ ఇచ్చి నేయించేవాడు. అంచు డిజైన్ మాత్రం మామ దగ్గరే తయారయ్యేది. గళ్ల కాగితం మీద నెమలో మామిడి పిందో వేస్తే, ఒకాయన ఆ గళ్లను చూస్తూ అట్టలకు రంధ్రాలు కొట్టేవాడు. ఆ అట్టల దండను మగ్గం మీదికి ఎక్కిస్తే, ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో అవే చెబుతాయి. గళ్లలో ఏముందో అట్టలో అదే, అట్టలో ఏముందో చీరలో అదే. మధ్యలో ఎవరూ "ఇదేంది" అని అడగరు. అడిగితే పని సాగదు. ఆ రోజుల్లోనే మామ ముందుచూపుతో ఒక కంప్యూటర్ కొని, డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి వేయించి, బజారులో కాలరెగరేసి తిరిగాడు. ఆ వైభవం ఒక ఉరుముల సాయంత్రం దాకా సాగింది. ఆ సాయంత్రం కరెంటు ఒక్కసారిగా ఎక్కువై కంప్యూటర్ పొగ వదిలింది.

మామ గుండె జారలేదు. హైదరాబాద్ వెళ్లి కొత్త కంప్యూటర్ తెచ్చాడు. పాతదాని హార్డ్ డిస్కు బతికే ఉంది, అందులో డిజైన్లూ ఉన్నాయి. తీరా చూస్తే ఆ సాఫ్ట్‌వేర్ పాత విండోస్ తొంభై ఎనిమిదిలో తప్ప నడవదు. కొత్తదానిలో ఉన్నది ఎక్స్‌పీ. సాఫ్ట్‌వేర్ రాసినాయన దుకాణం ఎత్తేసి ఎటుపోయాడో తెలియదు. సరిగ్గా అప్పుడే వనపర్తి పెద్దమ్మ దిగింది. ఆమె మామకు ఎప్పటి నుంచో తెలిసిన ఖాతాదారు. పెద్దకూతురి పెళ్లికి మామ దగ్గరే నెమలి అంచు చీర నేయించింది. ఇప్పుడు చిన్నకూతురి పెళ్లి. "పెద్దదానికి పెట్టిన అంచే చిన్నదానికి గావాలె. నెమలికి ఒక్క ఈక తక్కువున్నా నేను తీస్కోను. అక్కాచెల్లెండ్ల నడుమ పంచాయితీ నాతోని కాదు" అంది. మామ తలూపాడు. పాత అట్టలు చూద్దామని అటక ఎక్కితే వాటిని ఎలుకలు అప్పటికే చదివేసి ఉన్నాయి. పెద్దకూతురి చీర చూసి గీయిద్దామంటే ఆమె షోలాపూర్‌లో ఉంది, చీర ఆమె బీరువాలో ఉంది. నెమలి ఇక మిగిలింది హార్డ్ డిస్కులోనే. అది తెరుచుకోకపోతే పెళ్లి చీర పోతుంది, ఆ చీరతో పాటు వనపర్తిలో మామ పేరూ పోతుంది.

అన్నం ముందు కూర్చుని మామ కలపకుండా చూస్తున్నాడు. "నువ్వు గా సెంటర్ల పిల్లలకు చెప్పేదేంది పిల్లా? గిదొక్కటి నడిపియ్యరాదా?" అన్నాడు. అంతకు ముందు వారమే ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో వర్చువల్ మెషీన్ అనే వింత గురించి చదివాను. చదివాను అంతే, చేసి చూడలేదు. అయినా నా నోరు నాకంటే ముందు లేచింది. "కొత్త కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ పెడ్త మామా. అండ్ల పాత విండోస్ ఎక్కిస్త" అన్నాను. మామ అన్నం కలపడం మొదలుపెట్టి ఆగాడు. "డబ్బానే జానెడుంది. అండ్ల ఇంకోటి ఏడ పడ్తది?" అన్నాడు. అత్త నా వైపు జాలిగా చూసింది, ఎండ తగిలిందేమోనని. నేను ఉత్సాహం పట్టలేక పళ్లెంలో వేలితో గీతలు గీసి మరీ చెప్పాను. "బయటిది ఇంటాయన అనుకో అత్తా. లోపలిది చుట్టం. ఇంట్ల ఒక అర్ర ఇచ్చినమనుకో, చుట్టం అండ్లనే ఉంటడు, అదే తన ఇల్లు అనుకుంటడు. ఇంటాయన సామాను ముట్టడు." అత్తకు వెంటనే అర్థమైంది. "పాపం, ఎన్ని దినాలుంటడు?" అని అడిగింది.

పత్రిక సీడీ, సెంటర్ నుంచి తెచ్చిన పాత విండోస్ సీడీ, నా నాలుగు ముక్కలు కలిపి ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి ఎక్స్‌పీ తెర మధ్యలో ఒక చిన్న నల్లటి చతురస్రం తెరుచుకుంది. అందులో తెల్లటి అక్షరాలు పరుగెత్తాయి, తర్వాత మబ్బుల బొమ్మ వచ్చింది, ఆ తర్వాత పాత విండోస్ లేచే సంగీతం మోగింది. నేను కుర్చీలోంచి లేచి గదిలో గుండ్రంగా తిరిగాను. నవ్వు ఆగలేదు. ఒక తెరలో రెండు గడియారాలు, రెండు స్టార్ట్ బటన్లు, రెండు చెత్తబుట్టలు. మామ ఇరుగుపొరుగును పిలుచుకొచ్చాడు. "మా మేనకోడలు కంప్యూటర్‌కు కంప్యూటర్ పుట్టిచ్చింది" అని పరిచయం చేశాడు. (నేను దిద్దలేదు. ఎందుకు దిద్దాలి?) మగ్గానికి కొత్త డిజైన్ ఎక్కించే ముందు కొబ్బరికాయ కొట్టి బొట్టు పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. అత్త కుంకుమ తెచ్చి లోపలి కంప్యూటర్ నుదురు ఎక్కడ అని అడిగి, ఆ చిన్న చతురస్రం పైభాగాన గాజు మీద బొట్టు పెట్టింది. నేను మౌస్‌తో ఆ చతురస్రాన్ని కొంచెం జరపగానే బొట్టు ఇంటాయనకు మిగిలిపోయింది. "గిట్లెట్ల? చుట్టానికి పెట్టిన బొట్టు ఈన గుంజుకున్నడా?" అంది అత్త. నేను చతురస్రాన్ని తెచ్చి మళ్లీ బొట్టు కిందికి సర్దాను. ఆ తర్వాత ఎప్పుడూ దాన్ని కదపలేదు.

పాత హార్డ్ డిస్కులోని సాఫ్ట్‌వేర్‌నూ డిజైన్లనూ చుట్టం గదిలోకి చేర్చాక నెమలి తెరుచుకుంది. ఈకలన్నీ ఉన్నాయి. మామ కళ్లు తుడుచుకున్నాడు, వెంటనే వనపర్తికి ఫోన్ చేసి కళ్లారా చూసుకొమ్మని పెద్దమ్మను పిలిచాడు. ఆమె బస్సు దిగి వచ్చి, చెప్పులు విడిచి, కుర్చీలో నిండుగా కూర్చుంది. నేను దర్జాగా లోపలి కంప్యూటర్‌ను లేపాను. అది లేవలేదు. బయటిది కూడా కొయ్యబారింది. ఇసుక గడియారం బొమ్మ అలా నిలబడిపోయింది. పెద్దమ్మ తెరను చూసింది, మామ నన్ను చూశాడు, నేను గోడ గడియారాన్ని చూశాను. "ఇదేనా నెమలి?" అంది పెద్దమ్మ, ఇసుక గడియారాన్ని చూపించి. స్విచ్ ఆర్పి, మళ్లీ వేసి, చుట్టం సెట్టింగులు తెరిచి చూశాను. ఉన్న మెమరీలో ఇద్దరికీ ఎంతెంత అని పంచే పట్టీ ఒకటి ఉంటుంది. నేను సగం దగ్గర పెట్టి, ఊరికే ఉండలేక అత్తకు కూడా చూపించాను. ఇప్పుడది చివరికంటా చుట్టం వైపు జరిగి ఉంది. ఇంటాయనకు ఊపిరి పీల్చుకునే జాగా కూడా లేదు. తలుపు దగ్గర అత్త పళ్లెంలో చాయ్ కప్పులు పట్టుకుని నిలబడింది. "నేనే జరిపిన" అంది నెమ్మదిగా. "చుట్టానికి సగం పెట్టి ఇంటోడు సగం తింటె ఎవరన్న ఏమంటరు? ఇంటోడు జర సర్దుకుంటడు అనుకున్న." ఆశ్చర్యమేమిటంటే పెద్దమ్మ దీన్ని పూర్తిగా సమర్థించింది. "అండ్ల తప్పేముంది? మా ఇంట్ల గూడ గట్లనే" అంది. ఇద్దరూ కలిసి నన్ను మర్యాద తెలియని పిల్లలా చూస్తుండగా పట్టీని మధ్యకు జరిపాను. నెమలి వచ్చింది. పెద్దమ్మ వేలు పెట్టి ఈకలు లెక్కపెట్టుకుని, తృప్తిగా తల ఊపి, చాయ్ తాగి వెళ్లింది.

ఇక దాన్ని కాగితం మీదికి దించాలి. చుట్టానికి మా ప్రింటర్‌తో పరిచయం కుదరలేదు. ఎంత కలుపుదామన్నా మొహం తిప్పుకుంది. అయితే నాకేం భయం? బయటి కంప్యూటర్‌తో మొత్తం తెరను ఫొటో తీసి, నెమలి వరకు కత్తిరించి, పెద్దది చేసి, గళ్లు వేసి, బయటి నుంచే ప్రింటు తీశాను. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ సాయంత్రం సెంటర్ సారుకు నా డబ్బులతో మిర్చీలు తినిపించాను. కాగితం అట్టలాయన దగ్గరికి వెళ్లింది, అట్టలు మగ్గం మీదికి వెళ్లాయి, పెళ్లి దగ్గరపడుతుండగా చీర ఇంటికి వచ్చింది.

మామ మంచం మీద చీర పరిచాడు. మీగడ రంగు నూలు, ఎర్రటి పట్టు అంచు, జరీ నెమళ్లు. కళ్లు చెదిరాయి. మామ కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు. "అంత మంచిగుంది గని, నెమలి ముక్కు కాడ గీ ఆకేంది? పెద్దబిడ్డ చీరల లేకుండె." నేనూ వంగాను. ప్రతి నెమలి ముక్కు ముందూ, తోక కొంచెం వాల్చి, పైకి వాలుగా చూస్తూ, జరీలో మెరుస్తూ మౌస్ బాణం ఉంది. తెర ఫొటో తీస్తే బయటి కంప్యూటర్ బాణం అందులో పడదు, అది నాకు తెలుసు. కానీ లోపలి కంప్యూటర్ బాణం బయటిదానికి బాణం కాదు, నెమలితో పాటు అదీ ఒక బొమ్మే. ఫొటో తీసేటప్పుడు అది ముక్కు దగ్గర ఆగి ఉంది. అట్టలాయన గళ్లు చూసి కొట్టాడు, నేతగాడు ఆ అట్టలనే నెమలి నెమలికీ తిప్పి నేశాడు. నేను మామకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇంకో చీర నేయించే వ్యవధి లేదు. "ఈక తక్కువుంటెనే తీస్కోనన్నది. ఇప్పుడు ఎక్కువుంటె ఏమంటదో" అన్నాడు మామ. ఆ మాటకు నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, బయటికి వింత చప్పుడు వచ్చింది.

చీర తీసుకోవడానికి పెద్దమ్మ ఈసారి పెళ్లికూతురిని కూడా తెచ్చింది. మామ దాచకుండా మొదట బాణాన్నే చూపించాడు. పెద్దమ్మ మొహం ముడుచుకుపోయింది. "ఇదేందన్నా, పెద్దదానికి లేదు గదా గిది. దానికి తెలిస్తె ఊకుంటదా? వద్దు" అని చీర మడవబోయింది. పెళ్లికూతురు వనపర్తిలో డిగ్రీ కంప్యూటర్లు చదువుతున్న పిల్ల. అంచు పట్టుకుని దగ్గరగా చూసింది, నా వైపు చూసింది, మళ్లీ అంచు చూసింది. "ఇది మౌస్ బాణం గదా అక్కా?" అంది. నేను తల ఊపాను. అంతే, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని మంచం మీద కూలబడి నవ్వింది. ఆ నవ్వు నాకు అంటుకుంది, నా నుంచి అత్తకు, ఎందుకో తెలియకుండానే మామకు. పెద్దమ్మ ఒక్కతే నవ్వలేదు. నవ్వు తగ్గాక ఆ పిల్ల కళ్లు తుడుచుకుని చీర ఒళ్లోకి లాక్కుంది. "నాకు ఇదే గావాలె అమ్మా" అంది. "నీకేం పిచ్చా? అక్కకు లేదే గది" అంది పెద్దమ్మ. "అందుకే గావాలె. చిన్నప్పటి సంది అక్క లంగలు, అక్క పుస్తకాలు, అక్క గాజులు. పెండ్లికి గూడ అక్క నెమలే. గీ బాణమొక్కటి నాది." పెద్దమ్మ దగ్గరికి జరిగింది. కూతురి తల మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచి, తర్వాత మామతో "గట్టి సంచి ఉంటె ఇయ్యన్నా, బస్సుల నలుగుతది" అంది.

ఇప్పుడు నా ఉద్యోగమే ఇలాంటి మిషన్లను నడపడం. ఒకే మిషన్‌లో ఎన్నో మిషన్లు, అన్నీ చప్పుడు లేకుండా వాటి పని అవి చేసుకుపోతాయి. ఏది లేచినా నేను కుర్చీలోంచి లేచి గుండ్రంగా తిరగను. ఎవరైనా ఇది అవుతుందా అని అడిగితే, చూసి రేపు చెబుతానంటాను. తెర ఫొటో తీసే ముందు బాణాన్ని ఒక మూలకు జరుపుతాను, పద్ధతి ప్రకారం. అలా జరిపేటప్పుడు మాత్రం, చేసి చూడని పని అన్నం ముందు కూర్చుని చేసేస్తానన్న ఆ పిల్ల గుర్తొచ్చి ముద్దొస్తుంది. దానికి ఇప్పటి నా జాగ్రత్తలో సగం ఉండి ఉంటే వనపర్తిలో ఆ పెళ్లికూతురికి తనదంటూ ఏమీ మిగిలేది కాదు.