ఎదురు దుకాణం మూతపడ్డ ఏడాది

కేసముద్రం మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా, లారీల దుమ్ము ముందుగా వచ్చి వాలే చోట వెంకటేశం అడ్తి దుకాణం ఉండేది. రైతులు తెచ్చిన పత్తినీ మక్కలనూ తన కాంటా మీద తూచి, ఖరీదుదారులకు చూపించి, అటు నాలుగు మాటలు ఇటు నాలుగు మాటలు చెప్పి బేరం కుదర్చడం ఆయన పని. బక్కపలచని మనిషి. నుదుట నామం, భుజాన తువాలు. పొద్దున దుకాణం తలుపు తీయగానే కాంటాకు దండం పెట్టి, తర్వాతే చెప్పులు విడిచేవాడు. అదేం వరసయ్యా అని ఎవరైనా నవ్వితే, "దేవుని చూసినంక కాళ్ల సంగతి యాదికుంటదా?" అనేవాడు.

వాన పడి బండి కదలని రైతుకు ఆయన వరండాలో చోటుండేది. భార్య లక్ష్మీకాంతమ్మ ఎండాకాలమైతే మజ్జిగ, చలికాలమైతే వేడి జొన్న గటుక ఒక కుండలో పెట్టి ఉంచేది. ఎవరు తాగారు, ఎవరు తాగలేదు అని ఆ ఇంట్లో ఎన్నడూ అడగలేదు.

వెంకటేశానికి వ్యాపారం నేర్పింది ఆయన నాయిన. ముసలాయన పోతూపోతూ చెప్పిన మాటలు చాలానే ఉన్నాయి గానీ, ఒకటి మాత్రం కొడుకు మనసులో మేకులా దిగింది. "ఎదురు దుకాణం మూతపడితే సంబురపడకు బిడ్డా, పాపం తగుల్తది. గని నీ తక్కెడ తుడిచి పెట్టుకో. ఆ గిరాకి నీ గడప కాడికే వస్తది." ఆ మాట అబద్ధం కాదని వెంకటేశం కళ్లారా చూశాడు. తన చిన్నతనంలో రోడ్డుకు అవతలి అడ్తి మూతపడ్డప్పుడు వారం తిరగకముందే ఆ బండ్లన్నీ ఇటు మళ్లాయి. తర్వాత చాలా ఏళ్లకు ఆ మాటే ఆయన్ను ముంచుతుందని ఎవరికి తెలుసు?

ఆ దుకాణానికి పత్తి తెచ్చే వాళ్లలో తండా నుంచి వచ్చే లాలి వేరు. భర్త వాల్యా నాగలి పట్టేవాడు, బేరానికి మాత్రం లాలియే వచ్చేది. ప్రతి ఏడూ తొలి ఏరుడులోని తొలి దోసెడు పత్తి అమ్మకుండా లక్ష్మీకాంతమ్మ చేతిలో పోసేది. ఆమె ఆ పత్తితో దేవుడికి ఒత్తులు చేసేది. లక్ష ఒత్తుల నోము పట్టిన ఏడాది నుంచి ఆ ఆనవాయితీ. దీపావళి నాడు లక్ష్మీపూజ కాగానే కాంటా మీద తొలి తూకం లాలి పత్తిదే. లాలి చేతి బోణీ పడ్డ ఏడు నష్టం లేదని వెంకటేశం నమ్మకం. లాలి కూడా ఆ మాట తండాలో గొప్పగా చెప్పుకునేది.

రెండువేల ఎనిమిదిలో దసరా వెళ్లిన మూడో నాడు లాలి వచ్చింది. వెంట పెద్దబిడ్డ సంగీత.

"అమ్మా, తొలి పత్తి. దేవుని ముందట పెట్టు."

లక్ష్మీకాంతమ్మ కొంగు పట్టింది. "ఏమే లాలీ, గీసారి గింత తెల్లగున్నది! మీ దిక్కు వాన కొట్టలేదా?"

"కొట్టింది. దేవుడు మా చేను ఒక్కటి ఇడిచిపెట్టిండు." లాలి కూతురి వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది. "చెప్పు, అమ్మకు చెప్పు."

పిల్ల సిగ్గుపడింది. లాలియే వెంకటేశం వైపు తిరిగి చెప్పింది. "నర్సు ట్రైనింగ్ల సీటొచ్చింది సేట్, ఓరుగల్లుల. దీపావళి తెల్లారి పగటాల్ల పన్నెండు గొట్టే దాకనే గడువట. ఇంట్ల ఉన్న పత్తి అమ్మి ఫీజు కడ్త."

ఆ తండా నుంచి అంతవరకు తెల్ల బట్టలు వేసుకుని దవాఖానలో నిలబడ్డ పిల్ల లేదు. లక్ష్మీకాంతమ్మ దేవుని గూట్లోంచి కుంకుమ తెచ్చి సంగీత నుదుట పెట్టింది.

జిన్నింగ్ మిల్లుకు పత్తి కొనే తుల్సీరాం అప్పుడు అక్కడే కూర్చుని ఉన్నాడు. "పిల్ల సదువంటున్నరు, ఇయ్యాలే తూచుండ్రి. నేనే తీసుకపోత" అన్నాడు. ఆయన చెప్పిన ధర ఆ వారంలో అందరికంటే మెరుగు.

వెంకటేశం నవ్వి చెయ్యి అడ్డం పెట్టాడు. "బోణీ పత్తి మీద గప్పుడే కన్నేసినవా తుల్సీరాం? లాలీ, పండుగ దాక ఆగు. గడువు తెల్లారి గదా. పైసలు నీ చేతుల పెట్టే పూచీ నాది. ఈ లోపట రేటు ఇంకింత ఎక్కుతది."

"ఎందుకు ఎక్కుతది సేట్?"

"అమెరికాల పెద్ద పెద్ద దుకాణాలు మూతపడుతున్నయి. వాళ్లు సుత పత్తి అమ్మేటోళ్లే. ఎదురు దుకాణం మూస్తె గిరాకి ఏడికి వస్తది? మన దగ్గరికే."

లాలి ఒక్క క్షణం కూతురి ముఖం చూసింది. "అమెరికా ఏ దిక్కున్నదో నాకేమెరుక సేట్. నువ్వు చెప్పినవంటె ఆగుత."

యార్డు పక్కన పోశాలు హోటల్లో ఆ రోజుల్లో చాయ్ కంటే టీవీకే గిరాకీ ఎక్కువ. అమెరికాలో మునిగిన ఒక బ్యాంకు అద్దాల మేడలోంచి సూట్లు వేసుకున్న వాళ్లు అట్టపెట్టెలు మోసుకుంటూ బయటికి వస్తుంటే బెంచీల మీది వాళ్లంతా మెడలు చాచి చూసేవారు.

"అమెరికోడు మన తీర్గనే చిట్టీలు నడిపిండు కావచ్చు" అన్నాడు పోశాలు గ్లాసులు కడుగుతూ. "ఎత్తినోడు ఎత్తిండు, ఆఖరోడు ఏడుస్తున్నడు."

యార్డులో మూటలు మోసే కిషన్ ఎప్పుడూ తెలంగాణ మీటింగుల్లోనే ఉండేవాడు. అతనికి ఉక్రోషం వచ్చింది. "మా రాష్ట్రం మాకియ్యుండ్రని ఎన్నేండ్ల సంది మొత్తుకుంటున్నం! ఢిల్లీల ఒక్కడు లేవలే. అమెరికాల బ్యాంకు మునిగిందంటె తెల్లార్లు మీటింగులే!"

"నీ తువాలల సుత ఒక బ్యాంకు కట్టుకో కిషన్, నీ కోసం సుత లేస్తరు" అన్నాడు పోశాలు.

అందరూ నవ్వారు. మనల్ని వెనుకబడ్డోళ్లన్నారు కదా, ఇప్పుడు ఎవరు వెనుక పడ్డారని ఒకరు, మన పైసలు ఇంట్లో మట్టి గోలెంలో ఉంటాయి, గోలెం ఎట్లా మునుగుతుందని ఇంకొకరు. దూరపు ఊళ్లో మంట లేస్తే ఇక్కడ చలి కాచుకున్నట్టుగా ఉంది ఆ ముచ్చట. వెంకటేశం మాత్రం నవ్వలేదు. టీవీలో ఒకామె మోస్తున్న పెట్టెలో చిన్న పూలకుండీ కనిపించింది. పాపం, ఎవరి ఆడబిడ్డో, ఆ చెట్టుకు రేపు ఎవరు నీళ్లు పోస్తారో అనిపించి మనసులోనే దండం పెట్టుకున్నాడు. జాలి నిజమే. కానీ ఆ జాలి పక్కనే నాయిన మాట కూడా కూర్చుంది: తక్కెడ తుడిచి పెట్టుకో.

రేటు ఎక్కలేదు. మొదట కొంచెం జారింది, తర్వాత ఇంకొంచెం. పండుగ ముందు ఖరీదుదారుల నాటకాలు ఇట్లాగే ఉంటాయని వెంకటేశం సర్దిచెప్పుకున్నాడు. లాలి మళ్లీ వచ్చింది.

"సేట్, తండల అందరు అమ్ముకుంటున్నరు. మాయన పరేషాన్ అయితున్నడు."

"వాల్యాకు చెప్పు, జర ఓపిక పట్టుమను. నీ చెయ్యి పడనీ, చూడు."

ఆ మాటతో లాలి వెనక్కి మళ్లింది. తన చేతి మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషితో కాదని ఎట్లా అంటుంది?

దీపావళి నాడు సాయంత్రం పూట కాంటాకు పసుపు రాసి, బంతిపూల దండ వేశారు. లాలి పత్తి ట్రాక్టరు మీద వచ్చింది. పూజ మొదలుకాకముందే తుల్సీరాం ఉత్త చేతులతో వచ్చి, గడప బయటే నిలబడ్డాడు.

"మిల్లు బంద్ పెట్టిన్రు సేట్. నూలు కొనేటోడు లేడు, బట్ట కొనేటోడు లేడు."

"అమెరికా పత్తి బజార్ల లేదు గద! మన పత్తే గద కొనాలె!"

తుల్సీరాం విచిత్రంగా చూశాడు. "అమ్మేటోడే అనుకుంటివా సేట్? అంగీలు కొనేటోడు సుత వాడే. వాని జేబు ఖాళీ అయినంక అంగీలెవరికి? అంగీల్లేకుంటె మన పత్తెవరికి?"

 వెంకటేశం ఎదురు దుకాణం మూతపడిందనుకున్నాడు. మూతపడింది గిరాకీ ఇల్లు.

అయినా లాలి తలంటు పోసుకుని, కొత్త రైక తొడుక్కుని వచ్చింది. పూజ కాగానే ఎప్పటిలా తన పత్తిని రెండు చేతులతో ఎత్తి కాంటా మీద పెట్టింది. ముల్లు కదిలింది. కొనేవాడు లేని తూకం అది. సంగీత సంచీ భుజాన వేసుకుని వరండాలో నిలబడి ఉంది.

లాలి మెల్లగా అడిగింది. "సేట్, పొద్దుగూకినంక వచ్చే పాసింజరుకు పోతె ఓరుగల్లుల మా చిన్నమ్మ బిడ్డింట్ల పండుకోని, పొద్దుగాల్నే కట్టొస్తం. ఫీజు మట్టుకు నువ్వు సర్దితె..."

వెంకటేశం వెనకాడింది పైసలు లేక కాదు. దేవుని ముందు పెట్టెలో ఉన్నాయి. లక్ష్మీకాంతమ్మ భర్త పక్కకు వచ్చి, "ఇచ్చెయ్యరాదుండి" అంది.

"దీపం పెట్టినంక లక్ష్మి గడప దాటొద్దు" అన్నాడు వెంకటేశం. ఆ మాట కూడా నాయినదే. లాలి వైపు తిరిగాడు. "తెల్లారంగనే ఇస్త బిడ్డా. పొద్దుగాల బండికి పోతె సుత అందుతరు."

తెల్లవారి జనం తెలంగాణ కోసం రైలు పట్టాల మీద కూర్చుంటారని కిషన్ రెండు రోజులుగా చెబుతూనే ఉన్నాడు. వాళ్లు కూర్చునేది పది గంటలకు కదా, బండి అంతకు ముందే పోతుంది అనుకున్నాడు వెంకటేశం.

తెల్లారకముందే స్నానం చేసి, పైసలు తువాలులో చుట్టుకుని స్టేషనుకు పోయాడు. పట్టాల మీద అప్పటికే జనం. జెండాలు, డప్పులు. అవతలి స్టేషన్లోనే బండి ఆగిపోయింది. వాల్యా, సంగీత ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉన్నారు. వెంకటేశం పైసలు వాల్యా చేతిలో పెట్టాడు. బండి వదులుతారేమోనని చూసి చూసి పొద్దెక్కాక, సంగతి తెలిసి కిషన్ పరుగున వచ్చాడు. "ముందుగాల చెప్పొద్దా సేట్! రైలు ఆపుడు మన పిల్ల సదువు కన్న ఎక్కువనా?" అని తన దోస్తు మోటారు సైకిలు తెప్పించి తండ్రినీ బిడ్డనూ ఎక్కించాడు. రోడ్డు మీద ముళ్లకంప అడ్డం పెట్టిన పిల్లలు కూడా సంగీతను చూసి కంప పక్కకు లాగారట. ఒకతను వాళ్లకు నీళ్ల సీసా ఇచ్చాడట. ఇంతమంది మంచితనం చేతులు పట్టుకుని నడిపినా, వాళ్లు ఓరుగల్లు చేరేసరికి మధ్యాహ్నం గడువు దాటింది. సీటు వరుసలో తర్వాతి పిల్లకు పోయింది.

వాల్యా ఆ పైసలు తెచ్చి సేట్ చేతిలోనే పెట్టాడు.  రెండు మాటలు తిట్టి ఉంటే బాగుండునని వెంకటేశం ఎన్నోసార్లు అనుకున్నాడు.

పత్తి తర్వాత సర్కారు కొనుగోళ్లలో అమ్ముడుపోయింది. రంగు మారిందని తరుగు తీస్తే ఆ తరుగు తానే భరించాడు. తరుగు భరించడం సులువే. తెల్ల బట్టలు వేసుకోవలసిన పిల్ల మళ్లీ చేన్లో వంగి పత్తి ఏరుతుంటే, దాన్ని ఏ తక్కెడలో పెట్టి సరిచేస్తాడు? తప్పు అమెరికాది కాదని ఆయనకు తెలుసు, పట్టాల మీద కూర్చున్న వాళ్లదీ కాదు. దేవుని ముందున్న పెట్టె తెరవని సాయంత్రం ఒక్కటే రోజూ దీపం పెట్టేటప్పుడు ఎదురు వచ్చేది. లక్ష్మిని గడప దాటనివ్వలేదు గానీ, లక్ష్మి లాంటి పిల్ల సంచీతో వరండాలో నిలబడితే చూడలేదు.

మరుసటి ఏడు కూడా లాలి తొలి పత్తి తెచ్చింది. సంగీత మూట దించింది. మళ్లీ దరఖాస్తు పెట్టమని లక్ష్మీకాంతమ్మ రెండుసార్లు కబురు చేసింది గానీ ఆ పిల్ల పెట్టలేదు.

వెంకటేశం ఈసారి ముందే అన్నాడు. "లాలీ, నా కోసం ఆగకు. పండుగ దాక వద్దు. మంచి రేటు ఎవరిస్తె వాళ్లకు అమ్ముకో."

లాలి చేతులు ఆగిపోయాయి. "ఏంది సేట్? నా చెయ్యి చెడ్డదైందా?"

వెంకటేశం కాదన్నట్టు చెయ్యి ఊపాడు.

"నిరుడు నా చెయ్యి పడ్డంకనే గదా గట్లయింది. తండల సుత అంటున్నరు. నువ్వు సుత అంటివా?" కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తన పాపం కడుక్కోబోయి ఆమె మీదే పోసినట్టయింది. వెంకటేశం గబగబా లేచి కాంటా తుడిచాడు. పసుపు తెమ్మని భార్యకు కేక వేశాడు. "నీ చెయ్యి ఎన్నడు చెడ్డది కాదు లాలీ. చెడ్డది నా తెలివి. ఇగ పండుగ లేదు, గిండుగ లేదు. ఇయ్యాలే బోణీ. నేనే కొంట." అంటూ తొందరలో మూట కుట్టు దబ్బనంతో విప్పబోతే అది వేలిలో దిగింది.

రక్తం చూసి లక్ష్మీకాంతమ్మ అయ్యో అంది. అప్పటికే సంగీత ఆయన చెయ్యి పట్టుకుంది. నీళ్లతో కడిగింది. దేవుడికని తెచ్చిన పత్తిలోంచి చిటికెడు తీసి అదిమి, తన చున్నీ అంచు చింపి కట్టు కట్టింది. ముడి వేశాక, కట్టు బిగిసి రక్తం ఆగిందేమోనని గోరు మీద ఒకసారి నొక్కి, తెల్లబడ్డ గోరు మళ్లీ ఎర్రబడే దాకా చూసి, అప్పుడు చెయ్యి వదిలింది.

"గిదంత ఎవరు నేర్పిన్రు బిడ్డా?"

"ఎవరు నేర్పలే సేట్" అంది సంగీత. "బాపును దవాఖానకు తీసుకపోయిననాడు నర్సక్క చేస్తుంటె చూసిన."

తల్లి పత్తి ఎత్తుతుంటే ఆమె రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి మూటను కాంటా మీద పెట్టారు. వెంకటేశం కట్టు కట్టిన చేత్తోనే దేవుని ముందున్న పెట్టె తెరిచాడు.